కాలు కదపకండి

కోదాడ దాటాక సూర్యాపేట వైపు రోడ్డు చదునుగా, ఖాళీగా ఉంది. స్పీడోమీటరు ముల్లు 70 మీద ఉంది. ఎక్స్‌లేటర్ మీద నా కాలు ఒకేచోట ఉంది. అయినా కారు ఒకసారి ముందుకు తోస్తోంది, మరుక్షణం ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు ఆగుతోంది, మళ్ళీ తోస్తోంది. తల సీటుకి తగులుతూ లేస్తూ ఉంది. పక్క సీట్లో నాన్న డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి, "మళ్ళీ మొదలైందిరా" అన్నారు.

80కి వెళ్తే పోతుంది. 60కి దిగినా పోతుంది. ఎదురుగా లారీ ఉంటే గట్టిగా తొక్కి దాటెయ్యొచ్చు, అప్పుడు ఇంజన్ ఒక్క తప్పూ చెయ్యదు. ప్రశాంతంగా, ఏ తొందరా లేకుండా వెళ్తున్నప్పుడే ఈ ఊగుడు. 2001లో కొన్న ఈ చిన్న కారుకి, ఊగుడు మొదలైన రెండు నెలల్లో ప్లగ్గులు మార్చారు, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు, చివరికి పెట్రోల్ పంపు కూడా మార్చారు. ఒక్కో మార్పు తర్వాత ఒకటి రెండు రోజులు తగ్గినట్టే అనిపించేది. నిజానికి తగ్గలేదు, మేమే తగ్గిందనుకున్నాం.

మెకానిక్కులు దీన్ని "హంటింగ్ కొడుతోంది" అంటారు. జర్కింగ్ అనీ, మిస్సింగ్ అనీ కూడా అంటారు గానీ ఆ మాటలు వేరే జబ్బులకు కూడా వాడతారు. హంటింగ్ అనేదే సరైన పేరు. ఇంజన్ తనకు కావలసిన చోటు కోసం వెతుక్కుంటోంది, ఇటు దాటిపోతోంది, అటు దాటిపోతోంది, మధ్యలో మాత్రం నిలవలేకపోతోంది.

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. గట్టిగా తొక్కితే బాగా లాగే ఇంజన్, తేలిక పని దగ్గర ఎందుకు తడబడుతుంది? ఎక్కువ బలం ఇవ్వగలిగినది తక్కువ బలం సులువుగా ఇవ్వాలి కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఎనిమిది తొమ్మిది వందల కిలోల చిన్న కారు చదును రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల వేగం నిలబెట్టుకోవడానికి గాలినీ, టైర్ల రాపిడినీ ఎదిరిస్తే చాలు. దానికి ఏడెనిమిది హార్స్‌పవర్ సరిపోతుంది. పూర్తిగా తొక్కినప్పుడు అదే ఇంజన్ నలభై యాభై ఇస్తుంది. యాభైలో ఒక హార్స్‌పవర్ అటూ ఇటూ అయితే ఎవరికీ తెలియదు. ఏడింటిలో ఒకటి తగ్గితే మాత్రం ఒంటికి తెలుస్తుంది. పైగా నిలకడ వేగంలో మైలేజీ కోసం ఇంజన్‌కి పెట్రోల్‌ని సాధ్యమైనంత పొదుపుగా ఇస్తారు. గట్టిగా తొక్కినప్పుడు ధారాళంగా ఇస్తారు, ఆ ధారాళంలో చిన్న చిన్న లోపాలన్నీ కప్పబడిపోతాయి. పొదుపుగా బతికే ఇంట్లో వంద రూపాయలు పోతే ఆ వారమంతా తెలుస్తుంది, ఇదీ అంతే.

ఈ వెతుకులాట కార్లకంటే పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి గవర్నర్ అమర్చాడు. నిలువు కడ్డీ చుట్టూ తిరిగే రెండు ఇనుప గుండ్లు అది. యంత్రం వేగం పెరిగితే గుండ్లు దూరంగా లేచి ఆవిరి ద్వారాన్ని మూస్తాయి, వేగం తగ్గితే కిందికి దిగి ద్వారాన్ని తెరుస్తాయి. మనిషి కాపలా లేకుండా యంత్రం తన వేగాన్ని తనే దిద్దుకోవడం మొదలుపెట్టింది. తర్వాతి తరాల్లో భాగాల తయారీ మెరుగుపడింది, రాపిడి తగ్గింది. రాపిడి తగ్గాక కొన్ని యంత్రాలు బాగుపడడానికి బదులు ఊగడం మొదలుపెట్టాయి. వేగం పెరిగిందని గవర్నర్ ద్వారం మూసే లోపే వేగం తగ్గడం మొదలయ్యేది. తగ్గిందని తెరిచే లోపే పెరగడం మొదలయ్యేది. అంతవరకు ఆ ఊపుని మింగేస్తున్నది రాపిడే.

1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్ రాయల్ సొసైటీకి గవర్నర్ల గురించి ఒక పత్రం సమర్పించాడు. విద్యుదయస్కాంత సమీకరణాలతో మనకు తెలిసిన మాక్స్‌వెలే ఈయన. గవర్నర్ యంత్రానికి ఒక చిన్న కుదుపు తగిలితే ఆ కుదుపు క్రమంగా చచ్చిపోతుందా, లేక ఊపుగా మారి పెరుగుతుందా అన్నది ముందుగానే గణితంతో తేల్చవచ్చని అందులో చూపించాడు. ఇవాళ విమానం నుంచి ఇంట్లో ఏసీ దాకా నడిపే నియంత్రణ శాస్త్రానికి తొలి పునాది రాళ్ళలో ఆ పత్రం ఒకటి. అందులోంచి మన కారుకి కావలసింది ఒక్క ముక్కే. దిద్దుబాటు ఆలస్యంగా వచ్చినా, అవసరానికి మించి గట్టిగా వచ్చినా, ఆ దిద్దుబాటే ఊపుగా మారుతుంది.

కంప్యూటరే పెట్రోల్ కొలిచి ఇచ్చే పాత ఎంపీఎఫ్ఐ కారులో వాట్ గుండ్ల పని చేసేది సైలెన్సర్ గొట్టంలో బిగించిన ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్ తొలిసారి 1976లో, కాలిఫోర్నియాలో అమ్మిన వోల్వో 240 కార్లలో వచ్చింది. వేలంత ఉండే ఈ వస్తువు లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. దాని ఒకవైపు పొగ, ఇంకోవైపు బయటి గాలి. సుమారు 300 డిగ్రీల వేడెక్కాక, రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి అది వోల్టేజీ పుట్టిస్తుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టుల దగ్గర, తక్కువైతే 0.1 దగ్గర. ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి, బరువు లెక్కన, సరిగ్గా సరిపోయే నిష్పత్తి. ఈ సెన్సర్‌కి ఆ గీత దాటామా లేదా అన్నది మాత్రమే తెలుసు, ఎంత దాటామో తెలియదు. అందుకని కంప్యూటర్ గీతకి అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కారులో కూడా ఈ వెతుకులాట సెకనుకి ఒకసారో కాస్త అటూ ఇటూగానో నిత్యం నడుస్తుంది. తేడా ఒకటి రెండు శాతం కాబట్టి మనకు తెలియదు.

లక్ష కిలోమీటర్లు పొగలో కాలి, మసి పట్టిన సెన్సర్ జవాబు నెమ్మదిస్తుంది. "పెట్రోల్ ఎక్కువైంది" అన్న కబురు అందేసరికి కంప్యూటర్ ఇంకా పోస్తూనే ఉంటుంది. కబురు అందాక తగ్గిస్తుంది, "చాలు" అన్న కబురు కూడా ఆలస్యమే కనుక ఇంకా తగ్గిస్తూ పోతుంది. ఒకటి రెండు శాతం ఊపు కాస్తా మన వీపుకి తగిలే ఊపు అవుతుంది. వాట్ యంత్రంలో జరిగింది ఇదే.

దీన్ని పట్టుకోవడానికి భాగాలు మార్చనక్కర్లేదు. ఇంజన్ ఆపి, సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, అదే రోడ్డు మీద అదే వేగంలో కాసేపు నడపాలి. కబురు రాని కంప్యూటర్ తన దగ్గర ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం పెట్రోల్ ఇస్తుంది, దిద్దుకోవడం మానేస్తుంది. అప్పుడు ఊగుడు ఆగిపోతే జబ్బు సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తిరిగే ఆ కబుర్ల చుట్టులోనే ఉంది. ఆగకపోతే ఆ చుట్టుని వదిలేసి బయట వెతకాలి. పరీక్ష అయ్యాక కనెక్టర్ మళ్ళీ పెట్టెయ్యాలి, అలాగే తిరిగితే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. పైసా ఖర్చులేని ఈ పరీక్ష పంపు మార్చకముందు ఎవరూ చెయ్యలేదన్నదే నా బాధ.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. సెన్సర్ వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు కారు చక్కగా నడిచి, వేడెక్కాక ఊగితే అనుమానం మొదట ఇటు పోవాలి. ఆ మొదటి నిమిషాల్లో పెట్రోల్ కూడా ఎక్కువ పడుతుంది కాబట్టి, పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచబడిన ఏ జబ్బయినా చల్లగా ఉన్నప్పుడు దాక్కుంటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

కార్బ్యురేటర్ కార్ల సంగతి వేరు. అక్కడ సెన్సరూ లేదు, కంప్యూటరూ లేదు. అయినా నిలకడ వేగంలో ఊగుతాయి. కార్బ్యురేటర్‌లో ఐడ్లింగ్‌కి ఒక సన్నటి దారి, నడకకి మెయిన్ జెట్ అనే ఇంకో దారి ఉంటాయి. తేలికగా తొక్కి వెళ్తున్నప్పుడు ఇంజన్ సరిగ్గా ఈ రెండు దారుల పొలిమేరలో ఉంటుంది. వెంట్రుకంత రంధ్రంలో ఓ చుక్క జిగురు గట్టిపడితే చాలు, ఒక దారి వదిలి ఇంకో దారి అందుకునే చోట గుంత పడుతుంది. పెట్రోల్ పలచబడిన మిశ్రమంలో మంట నెమ్మదిగా పాకుతుంది, ఒక్కోసారి సగంలో ఆరిపోతుంది. ఒక దెబ్బ బలంగా, ఒకటి నీరసంగా పడతాయి.

దీనికి పాత డ్రైవర్లందరికీ తెలిసిన పరీక్ష చోక్. ఊగుతున్నప్పుడు చోక్ నాబ్‌ని కొద్దిగా, వేలి గణుపంత లాగి చూడాలి. చోక్ గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. ఊగుడు ఆగితే పెట్రోల్ చాలడం లేదని తేలిపోయినట్టే. ఇంకా ఎక్కువైతే ప్లగ్గులు, హెచ్‌టీ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత వైపు చూడాలి. 

ఈ పలచదనం గురించి మన దేశంలో పాత కార్లు నడిపేవాళ్ళు ఇప్పుడు ఇంకొంచెం శ్రద్ధగా ఆలోచించాలి. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ బరువులో మూడో వంతుకి పైగా ఆక్సిజనే. అంటే తనకు కావలసిన గాలిలో కొంత తనే మోసుకొస్తుంది. అందుకే ఒక పాలు ఇథనాల్‌కి 9 పాళ్ళ గాలి చాలు. 20 శాతం కలిస్తే సరైన నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. సెన్సర్ ఉన్న కారు ఈ తేడా కనిపెట్టి పెట్రోల్ పెంచుకుంటుంది. కార్బ్యురేటర్ జెట్ ఇత్తడి ముక్క, దానికి ఏం తెలుస్తుంది? ఉన్న రంధ్రంలోంచి పాత లెక్కే పోస్తుంది. మైలేజీ కోసం ఎవరో 16 దగ్గర ట్యూన్ చేసి ఉంచిన బండిలో ఈ పెట్రోల్ పోస్తే, పాత పెట్రోల్ లెక్కలో 17 దాటిన పలచదనం వస్తుంది. చాలా ఇంజన్లు ఊగడం మొదలుపెట్టే ప్రాంతం అదే. బండిలో ఏ భాగమూ పాడవకుండానే, నిన్నటిదాకా బాగున్న బండి ఊగవచ్చు. అలాంటప్పుడు ప్లగ్గుల మీద డబ్బు పెట్టడం దండగ, మిశ్రమాన్ని తిరిగి సరిచేయించాలి. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కి పగులుతున్నాయేమో కూడా అదే రోజు చూపించుకోవాలి, అది నిప్పు అంటుకునే ప్రమాదంతో ముడిపడిన సంగతి.

ఏసీని తలుచుకోకుండా ముందుకు పోకూడదు. చిన్న ఇంజన్ నుంచి కంప్రెసర్ రెండు మూడు హార్స్‌పవర్ లాక్కుంటుంది. ఏడెనిమిదితో నడుస్తున్న కారులో అది చిన్న భాగం కాదు. గ్యాస్ తగ్గిన ఏసీలో కంప్రెసర్ కొన్ని సెకన్లకోసారి అంటుకుంటూ వదులుతూ ఉంటుంది. ప్రతిసారీ కారు ఒక గుంజు గుంజుతుంది. అది చూసి ఇంజన్ విప్పించుకున్నవాళ్ళున్నారు. మొట్టమొదట ఏసీ బటన్ ఆపి చూడటం అర నిమిషం పని.

పెట్రోల్ అందకపోవడం వల్ల వచ్చే ఊగుడు వేరుగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ ఎక్కువవుతుంది, లయ కూడా నిదానం. 80లో పోయే ఊగుడు పంపుది కాదు. మా కారు విషయంలో ఈ ఒక్క ఆలోచనతో పంపు ఖర్చు మిగిలేది.

ఇక గాలి లాగడం. ఇంజన్ మానిఫోల్డ్ దగ్గర రబ్బరు గొట్టం పగిలి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతే మిశ్రమం పలచబడుతుందని అందరూ చెబుతారు. గాలి పరిమాణాన్ని ఫిల్టర్ దగ్గరే కొలిచే కార్లలో అది నిజం. మన చిన్న కార్లలో చాలావాటిలో మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలిచి గాలిని లెక్కగడతారు. పగులులోంచి వచ్చిన గాలి ఆ ఒత్తిడిలో కలిసిపోతుంది కాబట్టి కంప్యూటర్ దానికీ పెట్రోల్ ఇచ్చేస్తుంది. అప్పుడు ఊగుడు రోడ్డు మీద కాదు, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కనిపిస్తుంది. కాలు తీసినా ఇంజన్ వేగం దిగదు. కాలు తీశాక ఇంత వేగమేమిటని కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది, వేగం పడిపోతుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ పెరుగుతుంది. నిలబడ్డ కారు ఊపిరి తీసి వదులుతున్నట్టు రేసవుతుంది.

కంప్యూటర్‌నే అడగొచ్చు కదా అంటారా? అడిగాం. మన దేశంలో ఇంజన్ లోపాలను కారే గుర్తించి చెప్పే ఏర్పాటు కొత్త కార్లకు 2010 ఏప్రిల్ నుంచి, మరింత విస్తృతమైన రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. 2001 నాటి మా కారుతో ఇప్పటి చౌక స్కానర్లు మాట్లాడవు. అప్పటి కొన్ని కార్లలో రెండు పిన్నులను తీగతో కలిపితే డాష్‌బోర్డు లైటు మిణుకుల లెక్కలో కోడు చెప్పేది. మా కారు లైటు ఏ లోపమూ లేదనే మిణుకుల్లో చెప్పింది.

విజయవాడ ఆటోనగర్‌లో పెద్ద వయసు మెకానిక్ ఒకాయన ఉన్నారని తెలిసి తీసుకెళ్ళాం. బానెట్ ఎత్తలేదు. నాన్నని వెనక కూర్చోమని, తను పక్క సీట్లో కూర్చుని హైవే మీదికి పోనివ్వమన్నారు. ఊగుడు మొదలవగానే, "కాలు కదపకండి సార్" అన్నారు.

"కదపడం లేదండీ."

"కదుపుతున్నారు. మడమ నేలకి ఆనించండి. పాదం పక్కనున్న దిమ్మకి నొక్కిపట్టండి."

అలా పట్టాను. ఊగుడు సగం తగ్గింది. నేను నోరు తెరిచాను. ఆ సగం నాదే. కారు గుంజగానే నా ఒళ్ళు ముందుకు వాలి కాలు కొద్దిగా నొక్కుతోంది, తొయ్యగానే వెనక్కి పోయి వదులుతోంది. దానిమీద, నెమ్మదించింది అనిపించి నేను కావాలని చేసే దిద్దుబాటు ఒకటి. మనిషి స్పందించడానికి సెకనులో నాలుగో వంతు పడుతుంది, కాలు కదిలి ఇంజన్ మారేసరికి ఇంకొంత. సెకనుకోసారి వచ్చే ఊపుకి అంత ఆలస్యంగా చేసే దిద్దుబాటు ఊతమే అవుతుంది. మాక్స్‌వెల్ గురించి చదివిన నేను నా కాలిని మాత్రం లెక్కలో వేసుకోలేదు.

మిగిలిన సగం కోసం ఆయన సెన్సర్ కనెక్టర్ తీయించి మళ్ళీ నడిపించారు. మార్పు లేదు. చుట్టు తెగింది, జబ్బు తెగలేదు. అప్పుడు కారుని బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించమన్నారు. ఎక్కుడులో నలభై అయిదు దగ్గర ఊగింది. చదునులో ఆ వేగంలో ఏనాడూ ఊగలేదు. "చూశారా, మీ బండి డెబ్బైలో ఊగట్లేదు. కాలు ఫలానా చోట ఉన్నప్పుడు ఊగుతోంది. చదునులో ఆ చోటు డెబ్బైకి వస్తుంది, ఎక్కుడులో నలభై అయిదుకి వస్తుంది." రెండు నెలలుగా మేమందరం వేగాన్ని చూశాం. ఊగుడు దేనికి కట్టుబడి ఉందో, వేగానికా, ఇంజన్ తిరుగుడుకా, బరువుకా, కాలు ఉన్న చోటుకా అని ఆయనొక్కరే అడిగారు.

షెడ్డులో తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా, థ్రాటిల్ సెన్సర్ మధ్య తీగకి మీటర్ తగిలించారు. ముల్లు ఉన్న పాత మీటర్. అంకెల మీటర్ సెకనుకి రెండు మూడు సార్లే చదువుతుందని, ఈ పనికి అది అందుకోలేదని చెప్పారు. నన్ను ఎక్స్‌లేటర్ వీలైనంత నెమ్మదిగా నొక్కమన్నారు. ముల్లు అర వోల్టు దగ్గర మొదలై నున్నగా లేచింది. ఒక వోల్టు దాటిన కాసేపటికి ఉన్నట్టుండి సున్నా వైపు పడి, వెంటనే లేచి, తిరిగి నాలుగు దాటేదాకా నున్నగా పోయింది. వెనక్కి వదిలితే అదే చోట అదే పడటం.

థ్రాటిల్ సెన్సర్ అంటే పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే బిరడ లాంటిదే. లాడం ఆకారంలో కార్బన్ పట్టీ, దానిమీద జారే లోహపు వేలు. అయిదు వోల్టుల్లో ఎంత చేరిందో చూసి కంప్యూటర్ కాలు ఎంత నొక్కారో తెలుసుకుంటుంది. ఒకచోట పట్టీ అరిగిపోతే, రోడ్డు అదురుకి వేలు ఆ గుంతలో తాకుతూ వదులుతూ ఉంటుంది. వదిలినప్పుడు కాలు పూర్తిగా తీశారనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఆపుతుంది. తాకినప్పుడు ఎవరో హఠాత్తుగా తొక్కారనుకుని అదనంగా పోస్తుంది. ఆ వదలడం క్షణంలో కొంత భాగమే, లోపంగా రాసుకునేంత సేపు ఉండదు. లైటు ఏమీ చెప్పకపోవడానికి కారణం అదే.

కొత్త సెన్సర్ బిగించి, కాలు తీసినప్పుడు ముల్లు అర వోల్టు చూపేలా కొద్దిగా తిప్పి స్క్రూలు బిగించారు. పాతదాన్ని ఆయన హాక్సా బ్లేడుతో కోసి రెండు చిప్పలు చేసి నాన్న చేతిలో పెట్టారు. నాన్న కళ్ళజోడు పైకి నెట్టి దాన్ని గుమ్మం వెలుతురుకి తిప్పారు. నల్లటి పట్టీ మీద ఈ చివర నుంచి ఆ చివరకి సన్నటి మెరుపు గీత. మొదలుకి దగ్గరగా ఒక్కచోట, గోరంత మేర నలుపంతా పోయి కింది పలక బయటపడి ఉంది. విజయవాడ నుంచి హైదరాబాదుకి ఇరవై ఏళ్ళపాటు 70 దాటకుండా కారు నడిపిన మనిషి నాన్న.

"ఇది నేను కాలు పెట్టిన చోటేరా" అన్నారు.